మా వీధంతా ఒకే ఇల్లు

ఫిబ్రవరి 3

ఫైలు పంపేశాను. మా వీధి ఇళ్ళ లెక్క కూడా అయిపోయింది.

నాలుగున్నరకి చెకింగ్ ప్రోగ్రాం ఎర్ర గీత చూపించి, ఒక ఇంటి ట్యాగు తెరిచి మూయలేదని మొండికేసింది. అయిదింటికల్లా పెళ్ళి ఉంగరాల షాపు దగ్గర ఉండమని తను మరీ మరీ చెప్పింది. ఎక్కడ మూయలేదో వెతుకుతూ కూర్చుంటే ఈ జన్మకి పెళ్ళి కాదు. ఫైలు అడుక్కి వెళ్ళి ఒక మూసే ట్యాగు పెట్టాను. ఎర్ర గీత పచ్చబడింది. ప్రోగ్రామే సరేనన్నాక కాదనడానికి నేనెవర్ని?

ఉంగరం తనకి చక్కగా సరిపోయింది. నాది బిగుతు. అలవాటవుతుందన్నాడు షాపువాడు.

ఫిబ్రవరి 4

నిన్న ట్యాగు సంగతి అంత వివరంగా రాసి ఉండాల్సింది కాదు. అందరూ చేసే పనే.

ఫిబ్రవరి 9

తన వాళ్ళుండేది మాకు అయిదిళ్ళ అవతలే అయినా, తన మావయ్యకి నా ఉద్యోగం ఏమిటో ఇంతవరకూ అంతుబట్టలేదు. ఆయన మా నాన్నని అడిగాడు. నాన్నకి మాత్రం ఏం తెలుసు, ఆయన నన్ను అడిగాడు.

"సర్వేవాళ్ళు ఇంటింటికీ తిరిగి గళ్ళ కాగితాల్లో లెక్కలు తెస్తారు కదా. వాటిని కంప్యూటర్లన్నీ చదవగలిగే రాతగా మారుస్తాను. ఒక్కో ఇంటికీ ముందు తెరిచే ట్యాగు, చివర మూసే ట్యాగు. ఆ రెంటి మధ్యలో యజమాని ఎవరు, మిగతావాళ్ళు ఆయనకి ఏమవుతారు, వంటగదులెన్ని, ఇవన్నీ. తరవాత ఆ రాతని మళ్ళీ గళ్ళలోకి మారుస్తాం. ఆ గళ్ళని మళ్ళీ రాతగా మారుస్తాం. రెండు రాతలూ ఒకటే అయితే లెక్క సరిగ్గా ఉన్నట్టు."

"అంటే గళ్ళలోంచి తీస్తావు, గళ్ళలో పెడతావు, మళ్ళీ తీస్తావు."

"అంతే."

"దానికి జీతం ఇస్తున్నారా?"

"నెల నెలా ఇస్తున్నారు."

"మంచి ఉద్యోగంరా. వదులుకోకు," అన్నాడు నాన్న, మనస్ఫూర్తిగా.

ప్రభుత్వ ఆఫీసులో పని అని తన మావయ్యకి చెప్పాడట. ఆయన తృప్తి పడ్డాడట. పెళ్ళి మార్చి 12న, రిజిస్ట్రారు ఆఫీసులో. ఆడంబరాలేమీ వద్దని తనే అంది. మందుల షాపులో రోజంతా నిలబడి పనిచేసే మనిషి, పెళ్ళినాడైనా కాసేపు కూర్చుంటానంది.

ఫిబ్రవరి 14

పెళ్ళి దరఖాస్తు ఇవ్వడానికి ఇద్దరం వెళ్ళాం. ఈ ఏడాదినుంచి ఊళ్ళో ఆఫీసులన్నీ మా ఫైలునే చదువుతాయి. అక్కడి గుమాస్తా కంప్యూటర్లోకి చూసి, మా ఇద్దరి వంకా చూసి, మళ్ళీ కంప్యూటర్లోకి చూశాడు.

"కుదరదండీ. మీరిద్దరూ అన్నాచెల్లెళ్ళు."

తను పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

"నవ్వే విషయం కాదమ్మా. ఒకే ఇల్లు, ఒకే యజమాని, ఇద్దరూ ఆవిడకి సంతానం. ఇదిగో, యజమాని ఆడమనిషి, వృత్తి బట్టలు కుట్టడం. ఇంట్లో మొత్తం సభ్యులు నాలుగు వందల పన్నెండు మంది. వంటగదులు తొంభై ఆరు." ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "పెద్ద కుటుంబం."

వీధి మొదట్లో ఉండే టైలరమ్మ ఇల్లది. మొగుడు పోయాక ఒక్కతే ఉంటుంది.

"నాలుగు వందల మందిని ఒక్క మనిషి కంటుందా అండీ?" అంది తను.

"ఆ సంగతి ఫైల్లో అడగలేదమ్మా," అని గుమాస్తా దరఖాస్తు మీద 'వరస కుదరదు, తిరస్కరించడమైనది' అని ముద్ర కొట్టాడు. అలాంటి ముద్ర ఒకటి తయారుగా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది.

బయటికి వచ్చాక తను నవ్వు ఆపేసి, "ఎవరో వెధవ పని చేశారు," అంది.

"సిస్టం తప్పు," అన్నాను.

నేనన్నది అబద్ధం కాదు. సిస్టం అడ్డుపడి ఉండాల్సింది.

ఫిబ్రవరి 15

ఆఫీసులో తలుపు దగ్గరికి వేసుకుని ఫైలు తెరిచి చూశాను. టైలరమ్మ ఇంటి ట్యాగు తెరిచి ఉంది. దాన్ని మూసింది వీధి అంతా అయిపోయాక. దాంతో వీధిలో ఇళ్ళన్నీ ఆవిడ ఇంట్లోకి వచ్చి పడ్డాయి. ఒక ఇంట్లో ఇద్దరు యజమానులు ఉండకూడదు కాబట్టి, ప్రోగ్రాం మిగతా యజమానుల్నీ, పెళ్ళాల్నీ, ముసలివాళ్ళనీ, చంటిపిల్లల్నీ ఒకే గాటన కట్టి 'సంతానం' అని రాసి చేతులు దులుపుకుంది.

ఇంట్లో చెప్పక తప్పలేదు. ఆ లెక్కన మా అమ్మా నాన్నా కూడా అన్నాచెల్లెళ్ళే. నాన్నకి ఇంత ఆనందం ఈ మధ్య కాలంలో చూడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "చెల్లెమ్మా, కాస్త మంచినీళ్ళు," అన్నాడు. అమ్మ గరిటె విసిరింది.

"ఆ టైలరమ్మ నాకంటే పన్నెండేళ్ళు చిన్నది! దానికి నేను కూతుర్నా? పోయినేడాది నా జాకెట్టు చంక దగ్గర బిగించి పాడు చేసింది, అది చాలదా?"

"అమ్మ మీద అలా అరవకూడదు చెల్లెమ్మా," అన్నాడు నాన్న. రెండో గరిటె కూడా పోయింది.

ఫిబ్రవరి 18

నీళ్ళ శాఖవాళ్ళు వచ్చారు. ఒక ఇంటికి ఒకే కుళాయి అని రూలు, కాబట్టి టైలరమ్మ ఇంట్లో ఒక్కటి ఉంచి మిగతావి పీకేస్తామన్నారు. వీధి వీధంతా గగ్గోలు పెట్టింది. టైలరమ్మ మిషను మీదనుంచి లేచి, మెడలో టేపు అలాగే వేలాడుతుంటే, వాళ్ళ బండికి అడ్డంగా నిలబడింది.

"ఇంటి యజమానిని నేను. నాతో మాట్లాడండి. నాలుగు వందల మంది పిల్లల తల్లిని, నాకు బొటనవేలంత పైపా? మీకు కళ్ళున్నాయా?"

వాళ్ళ దగ్గర రూళ్ళ పుస్తకం ఉంది. అందులో ఇంట్లో మనుషుల్ని బట్టి పైపు లావు ఉండాలని రాసి ఉంది. మధ్యాహ్నానికల్లా రోడ్డు తవ్వి, మనిషి దూరేంత పైపు వేసి, కుళాయిల జోలికి రాకుండా పోయారు. ఎండాకాలంలో కూడా నీళ్ళు వస్తాయట. వీధి అంతా చప్పట్లు కొట్టింది. నాన్న కూడా కొట్టాడు. ఆయన్ని టైలరమ్మ "ఒరే పెద్దబ్బాయ్" అని పిలిచింది. ఆయన పలికాడు.

ఫిబ్రవరి 19

ఆ మూసే ట్యాగు పెట్టింది నేనే అని ఖచ్చితంగా చెప్పలేం. ఆ రోజు ఆ ఫైలు ఇద్దరు తెరిచారు.

ఫిబ్రవరి 21

తను మా ఆఫీసుకి వచ్చింది. నాకు చెప్పకుండా వచ్చింది. సరాసరి పెద్దసారు గదిలోకి వెళ్ళిపోయింది. గోడ ఇవతలకి అంతా వినిపించింది.

"మా పెళ్ళి ఆగిపోయిందండీ! మీ ఆఫీసులో ఎవరో కళ్ళు మూసుకుని పని చేసినందుకు నేను ఆయనకి చెల్లెలినయ్యాను. అది ఎవరో నాకు తెలియాలి!"

పెద్దసారు కంప్యూటర్లో చూశారు. మూడో తేదీన ఆ ఫైలు తెరిచినవాళ్ళు ఇద్దరు: నేను, మా సెక్షన్‌లో సీనియరు కామా గారు. మాట మాటకీ ఆగుతారని ఆయన్ని అందరూ అలా పిలుస్తారు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు.

"పెళ్ళికొడుకు తన పెళ్ళి తనే చెడగొట్టుకోడు కదా," అన్నారు పెద్దసారు. ఆయన తర్కం ఎప్పుడూ అలాగే ఉంటుంది, ఎదురు చెప్పడానికి సందు దొరకదు. కామా గారిని పిలిపించారు.

"నేను, ఆ రోజు, పొద్దున, ఒక్కసారి, తెరిచి, చూసి, మళ్ళీ..."

"చాల్లెండి," అన్నారు పెద్దసారు. మెమో టైపు అయ్యేదాకా కూడా కామా గారి వాక్యం పూర్తి కాలేదు.

తను ఆయన్ని నానా మాటలూ అంది. పెద్దమనిషి తల వంచుకుని నిలబడ్డాడు. అప్పటికి నేనూ గదిలోకి వచ్చి పక్కనే ఉన్నాను. ఏదో ఒకటి అనాలనుకున్నాను. టీ చేతిలో ఉంది, చల్లారిపోతోంది.

ఫిబ్రవరి 22

కామా గారిని పాత ఫైళ్ళ గదికి పంపారు. అక్కడ ఎండ తగలదు, చల్లగా ఉంటుంది. నిజానికి ఆయనకి మంచిదే.

ఫిబ్రవరి 24

ఎలాగైనా లెక్క సరిచేయించమని పెద్దసారుని బతిమాలాను. ఎవరు చేశారన్న ప్రసక్తి తీసుకురాలేదు.

"సరిచెయ్యడానికి తప్పంటూ ఉండాలి కదయ్యా," అన్నారు. "ఫైలుని గళ్ళ పట్టిక చేశాం. పట్టికని మళ్ళీ ఫైలు చేశాం. రెండూ చుక్కతో సహా ఒకటే. ఇంక తప్పెక్కడుంది?"

"తప్పు కూడా అటు వెళ్ళి ఇటు వచ్చింది సార్."

"తప్పయితే అంత క్షేమంగా తిరిగొస్తుందా? ఎక్కడో ఒకచోట దొరికిపోదూ?"

తప్పే లేకపోతే కామా గారికి మెమో ఎందుకిచ్చారని అడిగే ధైర్యం నాకు చాలలేదు. ఆయనే జాలిపడి రూళ్ళ పుస్తకం తీశారు. ఒకసారి వెళ్ళిన లెక్క మారడానికి రెండే దారులు. ఇంటి యజమాని తన సంతానాన్ని వేరు చేస్తున్నానని రాసివ్వాలి. లేదా పొరపాటు చేసిన మనిషి, అది నా పొరపాటే అని స్వయంగా రాసివ్వాలి.

మొదటి దారే తేలిక.

ఫిబ్రవరి 26

టైలరమ్మ ఇంటి ముందు మనుషులు బారులు తీరి ఉన్నారు. రేషను కార్డు మార్చాలన్నా, పిల్లల్ని బడిలో వెయ్యాలన్నా యజమాని సంతకం కావాలి. ఆవిడ ఒక చేత్తో జాకెట్టు కుడుతూ రెండో చేత్తో సంతకాలు పెడుతోంది. సంతకానికి వచ్చినవాళ్ళందరికీ తలో చీవాటూ పెడుతోంది. తన మావయ్య చేత సిగరెట్లు మాన్పించిందట.

నా వంతు వచ్చింది. మమ్మల్ని వేరు చెయ్యమని అడిగాను.

"పెళ్ళి కాకముందే వేరు కాపురమా?" అంది. అందరూ నవ్వారు. తరవాత మిషను ఆపి నెమ్మదిగా అంది. "చేస్తాను బాబూ, నాకేం బాధ? కానీ వేరుపడితే మాత్రం ఏమవుతుంది? నా పిల్లలుగా రాసుంటే, వేరుపడ్డాక కూడా నా పిల్లలే కదా. నువ్వు వేరింటి అన్నవి, అది వేరింటి చెల్లెలు. గుమాస్తా ఒప్పుకుంటాడా?"

ఒప్పుకోడు.

"రాసినవాడే వెనక్కి తీసుకోవాలి. ఎవడో వాణ్ణి పట్టుకో."

పట్టుకుంటానని చెప్పి వచ్చేశాను.

మార్చి 1

తను షాపుకి సెలవు పెట్టి రోజూ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కుతోంది. ఇవాళ నన్నూ రమ్మంది. పుట్టిన సర్టిఫికెట్టు, బడి సర్టిఫికెట్టు, చనిపోయిన నాన్నతో దిగిన ఫొటో, అన్నీ గుమాస్తా బల్ల మీద పరిచింది.

"ఇవన్నీ కాగితాలమ్మా," అన్నాడాయన జాలిగా. "అది ఫైలు."

ఆఖరికి వాళ్ళ అమ్మని లోపలికి పిలిచింది. "ఇదిగోండి, నన్ను కన్నతల్లి. ఈవిణ్ణే అడగండి."

గుమాస్తా ఆవిడ గుర్తింపు కార్డు చూసి, కంప్యూటర్లో వెతికి, "ఈవిడ మీ అక్కగారు," అన్నాడు.

వాళ్ళమ్మ నోరెళ్ళబెట్టింది. తను బల్ల గుద్ది అరిచింది. "మేం అన్నాచెల్లెళ్ళం కాదండీ! కాదు! ఎన్నిసార్లు చెప్పాలి? మీరైనా చెప్పండి!"

ఆ 'మీరైనా' నన్ను. నేను గట్టిగా తల ఊపాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో తను కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. భుజం మీద చెయ్యి వేశాను. ఎదురు సీట్లో మా వీధి పెద్దాయన "చెల్లెలంటే ఎంత ప్రేమో," అన్నాడు. ఆయన వేళాకోళానికి అన్నాడో నిజంగానే అన్నాడో తెలియలేదు.

మార్చి 2

సిస్టం తప్పు.

మార్చి 3

చివర పెట్టాను. మధ్యలో వెతకలేదు.

మార్చి 4

పాత ఫైళ్ళ గదికి వెళ్ళాను. కామా గారికి టీ పట్టుకెళ్ళాను. చల్లగా ఉంటుందని నేను రాసుకున్న గదిలో ఫ్యాను లేదు. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. టీ తీసుకుని, ఊదుకుని, తాగి, అప్పుడు మాట్లాడారు.

"నువ్వు, చివర, పెట్టావని, నాకు, తెలుసు."

"మరి చెప్పలేదేం సార్?"

"మెమో, ఇచ్చేముందు, నువ్వు, చెప్తావని, చూశాను. ఇచ్చాక, ఇంక, ఎందుకులే, అని."

సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి మళ్ళీ దుమ్ము దులుపుకోవడం మొదలుపెట్టారు.

మార్చి 5

పొరపాటు నాదేనని రాసిచ్చాను.

పెద్దసారు తీసుకోనన్నారు. నేను ఒప్పుకుంటే ప్రోగ్రాం పరువు పోతుందట. కామా గారి మీద ఇచ్చిన మెమో వెనక్కి తీసుకోవడానికి ఫారం లేదట. ఇవ్వడానికే ఉందట. బతిమాలాను, మొండికేశాను, ఆయన గది బయట నేల మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు తొక్కుతున్నారని చివరికి తీసుకున్నారు.

తీరా చూస్తే ఒప్పుకోలు కూడా ట్యాగుల్లోనే పంపాలి. పొరపాటు చేసినవాడి ట్యాగు, పొరపాటు ట్యాగు, కారణం ట్యాగు. 'కారణం' దగ్గర 'తొందర' అని రాశాను. ప్రోగ్రాం దాన్ని పట్టిక చేసి, మళ్ళీ రాత చేసి, నా పొరపాటు అటూ ఇటూ ఒక్కలాగే ఉందని పచ్చ గీత చూపించింది.

నన్ను పాత ఫైళ్ళ గదికి మార్చారు. నా ఉద్యోగం పర్మనెంటు చేసే మాట ఇప్పట్లో లేదన్నారు. కామా గారు తన సీటుకి వచ్చేశారు. మెమో మాత్రం ఆయన మీదే ఉంది. ఫారం తయారు చేయించేదాకా వదలనని ఆయనకి చెప్పాను.

మార్చి 6

షాపులో రద్దీ తగ్గాక తనకి చెప్పాను. మొత్తం చెప్పాను. ఎర్ర గీత, ఉంగరాల షాపు, ఫైలు అడుగు, కామా గారు. తను మాత్రల అట్టలు సర్దుతూ వింది. మధ్యలో ఒకాయన దగ్గు మందు కోసం వస్తే ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, మళ్ళీ నా వైపు తిరిగింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"తొందరలో తప్పు జరుగుతుందండీ. నేనూ ఒకసారి ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చాను. వెనకాల పరిగెత్తి లాక్కొచ్చాను. దానికి కాదు నాకు కోపం. నేను ఆ గుమాస్తా ముందు గొంతు చించుకుంటుంటే మీరు పక్కన నిలబడి తల ఊపారు చూడండి, అందుకు. ఆ ముసలాయన్ని నా నోటితో నానా మాటలూ అనిపించారు చూడండి, అందుకు."

ఏం చెప్పినా సాకులాగే ఉంటుంది.

"పన్నెండో తేదీ..." అన్నాను.

"వస్తాను. వస్తానని చెప్పాను కాబట్టి," అంది.

మార్చి 7

తను ఆఫీసుకి వచ్చి కామా గారికి క్షమాపణ చెప్పి వెళ్ళిందట. నన్ను కలవలేదు.

మార్చి 11

లెక్క మారింది. టైలరమ్మ ఇంటి ట్యాగు ఆవిడ గుమ్మం దగ్గరే మూశారు. మా వీధిలో మళ్ళీ తొంభై ఆరిళ్ళు. నాన్న ఉదయాన్నే "ఏమేవ్" అని పిలిచాడు. అమ్మ పలకలేదు. "ఇన్నాళ్ళూ చెల్లెమ్మా అని నోరారా పిలిచారుగా, ఇవాళెందుకు ఏమేవ్," అంది. ఆయనకి తిక్క కుదిరింది.

పైపు తీసుకుపోతారేమోనని టైలరమ్మ పొద్దుటినుంచీ దాని మూత మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక్కరూ రాలేదు. తవ్వడానికి వేరే ఫైలు కావాలట.

మార్చి 12

ఇద్దరం విడివిడిగా రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం. నేను ముందే వెళ్ళాను. తను చెప్పిన టైముకి వచ్చింది. మామూలు చీర కట్టుకుంది. ఉంగరం వేలికి లేదు, పర్సులో ఉందో లేదో అడగలేకపోయాను.

గుమాస్తా మమ్మల్ని చూడగానే మొహం చాటంత చేసుకున్నాడు. పాపం, ఆయన కూడా ఈ ఫైలుతో విసిగిపోయి ఉంటాడు. కంప్యూటర్లో రెండు పేజీలు తెరిచి, వేలితో ఒక్కో గడీ తడుముతూ చూశాడు. తల్లులు వేరు, తండ్రులు వేరు, ఇళ్ళు వేరు.

"శుభం! ఇంక ఏ అడ్డూ లేదమ్మా. రికార్డు ప్రకారం మీరిద్దరూ ఒకరికొకరు ఏమీ కారు," అని పుస్తకం మా వైపు తిప్పి పెన్ను తనకి అందించాడు.

తను పెన్ను పట్టుకుని ఆ పేజీ వంక చూస్తూ కూర్చుంది. బయట వరండాలో వాళ్ళమ్మా మా అమ్మా ఏదో మాట్లాడుకుంటున్నారు.

"ఇప్పుడు రికార్డు సరిగ్గానే ఉందండీ," అంది గుమాస్తాతో. పెన్ను ఆయన చేతికి తిరిగి ఇచ్చేసి లేచి నిలబడింది. "ఈ తేదీ పోతే మళ్ళీ ఇస్తారా?"

"ఎప్పుడొచ్చినా ఇస్తామమ్మా. కానీ ఇప్పుడేమైంది?" ఆయన బిత్తరపోయి నా వైపు చూశాడు.

అప్పుడు ఒక అబద్ధం నోటిదాకా వచ్చింది. తనకి ఒంట్లో బాగాలేదని చెబుదామనుకున్నాను. మింగేశాను.

"తప్పు నాదండీ," అన్నాను.

బస్టాపుదాకా వెనకే నడిచాను. తను వెళ్ళిపొమ్మని అనలేదు. బస్సు ఎక్కుతూ వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ మాట మాత్రం షాపులో కొత్తవాళ్ళతో మాట్లాడినట్టే ఉంది.

"రేపు సాయంత్రం షాపు దగ్గరికి రండి. మీ పేరేమిటో, ఏం చేస్తుంటారో చెప్పండి. విని చూస్తాను."

ఇంటికొచ్చినప్పటినుంచీ అదే ఆలోచిస్తున్నాను. పేరుతో ఇబ్బంది లేదు. రెండోది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.